నీటి పైన మూడో వంతు

9 జనవరి 1975, గురువారం

ఈ ఉదయం మామయ్య మధ్యవేలి మీద నల్ల ఇంకు మరక కనిపించింది. రిటైరైన రెండేళ్లలో ఆ వేలు పూర్తిగా తెల్లబడిపోయింది. కాఫీ గ్లాసు అందిస్తూ చూశాను.

మధ్యాహ్నం తనే చెప్పాడు. విశాఖపట్నంలో సముద్రం అడుగున ఇసుక తవ్వే కంపెనీ ఒకటి పని ఇచ్చిందట. తవ్విన ఇసుకను నీళ్లతో కలిపి గొట్టంలోంచి ఒడ్డుకు తోస్తారు. గొట్టం పొడవు అర మైలు. ఇనప గొట్టం తేలదు. దాని కింద ఫ్లోట్లు, అంటే నీటి మీద తేలే పీపాలు, కావాలి. లంగరు తాళ్లకు చిన్నవి, గొట్టానికి పెద్దవి. అవి మామయ్య గీయాలి.

మామయ్య ముప్పై ఏళ్లు మంచినీళ్ల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. మా అన్నయ్య సోమసుందరం గీసిన గొట్టం కారదు అని అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. బుల్లీ, లెక్కలు నువ్వు చెయ్యి, గీతలు నేను గీస్తాను అన్నాడు. సరే అన్నాను. నా గొంతు మామయ్యకు వినపడలేదు. మళ్లీ సరే అన్నాను. నా డిగ్రీ మేథ్స్‌కి ఇదే మొదటి ఉద్యోగం.

12 జనవరి

ఆర్కిమిడీస్ సూత్రం కాన్వెంట్‌లో కంఠతా పట్టించారు. ఎనిమిదేళ్లుగా వచ్చు. ఇవాళే నమ్మాను.

ఒక వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే, అంత నీటి బరువును నీరు మోస్తుంది. ఎవరూ అడగకుండా. ఎవరూ చూడకపోయినా. తూనికలో ఒక్క గ్రాము కూడా తేడా రాదు. ఇక్కడి నీళ్ల తొట్టిలోనూ అదే లెక్క, సముద్రం మధ్యలోనూ అదే లెక్క. రాస్తుంటే ఒళ్లు జలదరించింది. అమ్మకు చెబితే జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసింది.

20 జనవరి

మామయ్య దగ్గర పాత ఆఫీసు కేల్క్యులేషన్ ఫారాల కట్ట ఒకటి ఉంది. సైక్లోస్టైల్ చేసినవి. ఇంగ్లీషులో వరసగా గళ్లు. గొట్టం పొడవు, గొట్టం బరువు, గొట్టంలో నీటి బరువు. ఖాళీ కనిపిస్తే నింపడం నాకు నన్‌లు నేర్పిన విద్య. నింపాను.

ఇరవై అడుగుల గొట్టం ఇనుము ముప్పావు టన్నుకు కాస్త తక్కువ. లోపల నీళ్లు ఒక టన్ను. మొత్తం ఒకటీ ముప్పావు టన్నుకు కాస్త తక్కువ. ఒక్కో గొట్టానికి ఒక్కో ఫ్లోట్. అది తన బరువు పోను రెండున్నర టన్నులు మోస్తుంది. అంటే ఫ్లోట్‌లో మూడో వంతు ఎప్పుడూ నీటి పైన ఉంటుంది.

ఆ మూడో వంతు ఎందుకని అడిగాను. అలకి, తుప్పుకి, మనం మర్చిపోయినదానికి అన్నాడు మామయ్య.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఏటికొప్పాక వెళ్లాం. లోవరాజు అనే ఆయన లక్క బొమ్మలు చేస్తాడు. మా ఫ్లోట్లకు చిన్న మోడళ్లు చెయ్యమని పోయిన వారమే కొలతలు పంపాం. బొమ్మలకు వాడే అంకుడు కర్ర గిరగిరా తిరుగుతుంటే లక్క పుల్ల ఆనించాడు. వేడికి రంగు కరిగి కర్ర మీద పాకింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

బొంగరం కాదు, భరిణి కాదు, ఏటి బాబూ ఇది అని మామయ్యని అడిగాడు. సముద్రం మీద తేలే పీపా అన్నాడు మామయ్య. ఓలమ్మ, మరి సముద్రానికెల్తే సోకుగా ఎల్లాల కదండీ అన్నాడు. రంగు వద్దు, ఉత్త కర్ర చాలు అన్నా ఒప్పుకోలేదు. రంగు లేకండా నా సేతిలోంచి సరుకెల్లదండి అన్నాడు. అలా మా ఫ్లోట్లు ఎరుపూ పసుపూ అయ్యాయి.

సాయంత్రం పెరట్లో నీళ్ల తొట్టిని సముద్రం చేశాను. మూడున్నర కిలోల ఉప్పు కలిపాను. ఈ మేనమామా మేనకోడళ్ల పిచ్చికి నా రెణ్ణెల్ల ఉప్పు పోయింది అంది అమ్మ. రేకు గొట్టంలో నీళ్లు నింపి, మూతలు బిగించి, ఫ్లోట్ల మీద కట్టి వదిలాను. దిగాయి. దిగుతూ దిగుతూ ఆగాయి. సరిగ్గా నేను పెన్సిలుతో గీసిన గీత దగ్గర. కాగితం మీద నా అంకె ఎక్కడ ఆగమందో నీరు అక్కడ ఆగింది.

మామయ్య నా తల మీద చెయ్యి పెట్టాడు.

5 ఫిబ్రవరి

డ్రాయింగులు రిజిస్టర్ పోస్టులో వెళ్లిపోయాయి.

21 ఫిబ్రవరి, ఉదయం పదకొండు

లోవరాజు మా నర్సీపట్నంలో పని మీద వచ్చి, తన పీపాలు ఎలా ఉన్నాయో చూసిపోదామని ఆగాడు. మామయ్య బలిఘట్టం గుడికి వెళ్లాడు, ఇంట్లో లేడు. నేనే తొట్టి దగ్గరికి తీసుకెళ్లి వదిలి చూపించాను. మొక్కు తీర్చుకునేవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాగా తేల్తన్నాయండి అన్నాడు. గొట్టంలోంచి ఏటెల్తాదండీ అని అడిగాడు. ఇసుక అని చెప్పాను. మరి నీల్లోసి సూస్తన్నారేటండి అన్నాడు.

వెక్కిరింపుగా అనలేదు. తెలియక అడిగాడు.

ఆయన వెళ్లాక పక్కింటివాళ్లు గోడ కట్టడానికి పోయించిన ఇసుక రెండు దోసిళ్లు తెచ్చాను. తడిపి గొట్టంలో కూరాను. ఫ్లోట్ల మీద కట్టి చెయ్యి తీశాను.

దిగాయి. గీత దాటాయి. మునిగిపోయాయి. చప్పుడు లేదు, బుడగ లేదు. తొట్టి అడుగున ఎరుపూ పసుపూ.

అదే రోజు, నాలుగు గంటలు

నాలుగుసార్లు చేశాను. కూర్చున్న తడి ఇసుక నీటికి దాదాపు రెండింతలు బరువు. గొట్టం నిండా ఇసుకైతే రెండు టన్నులకు కాస్త తక్కువ. ఇనుముతో కలిపి రెండున్నర దాటుతుంది. ఫ్లోట్ మోసేదే రెండున్నర.

కంపెనీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. గొట్టం పొడవునా నడవడానికి చెక్క వేస్తారట. పంపు నీరసపడితే నీళ్లు వెళ్లిపోయి ఇసుక గొట్టంలో కూర్చుంటుంది. అప్పుడు మనుషులు ఆ చెక్క మీద నడిచి వెళ్లి, సుత్తితో కొట్టి చూసి, మూసుకుపోయిన గొట్టం విప్పుతారు. అంటే గొట్టం అన్నిటికన్నా బరువుగా ఉన్నప్పుడే వాళ్లు దాని మీద నిలబడతారు.

ఇదంతా ఆ ఉత్తరంలో మొదటి నుంచీ ఉంది. నేను చదివాను. చదివి, ఫారంలో గొట్టంలో నీటి బరువు అన్న గడి నింపాను.

డ్రాయింగు కింద మూల మామయ్య పేరు ఉంది.

22 ఫిబ్రవరి

మామయ్యకు చెప్పాను. మాటల్లో చెప్పలేక తొట్టి దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు వంగి నీళ్లలోకి చూశాడు. తరువాత, ముప్పై ఏళ్లు గొట్టం అంటే మంచినీళ్లే బుల్లీ, ఇంకోటి ఉంటుందని చెయ్యికి తెలీదు అన్నాడు. లోపలికి వెళ్లి పడుకున్నాడు. భోజనానికి లేవలేదు.

అమ్మకు కోపం నా మీద. అక్కడ పెద్ద పెద్ద ఇంజనీర్లు లేరేటే, వాళ్లు చూసుకోరా, ముసలివాడి పేరు ఈ వయసులో బజారున పెడతావా అంది. అమ్మ అన్నది అబద్ధం కాదు. ఈ సంగతి బయటపడితే మామయ్య ఇక డ్రాయింగు బోర్డు ముందు కూర్చోడు. నాకు అదీ తెలుసు.

ఉత్తరం రాస్తే చేరడానికి మూడు రోజులు. చేరాక ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉంటుందో.

24 ఫిబ్రవరి, సోమవారం

పోస్టాఫీసుకు వెళ్లి ట్రంక్ కాల్ బుక్ చేశాను. నా జీవితంలో ఫోన్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. మనియార్డర్ల వాళ్లు, పొదుపు ఖాతాల వాళ్లు, స్టాంపుల వాళ్లు, అందరూ ఉన్నారు. లైను కలిసింది. సైట్ ఇంజనీర్ మన్మథరావు గారు. కాన్వెంట్‌లో నేర్పిన గొంతుతో గుడ్ మార్నింగ్ సర్ అన్నాను. అవతల హలో హలో అంటున్నారు.

కౌంటరు వెనక నుంచి పోస్టుమాస్టరు దక్షిణామూర్తి గారు, గట్టిగా మాట్లాడమ్మా, అది ఇసాపట్నం, పక్క గది కాదు అన్నారు.

అరిచాను. సర్, గొట్టంలో ఇసుక! అన్నాను. వాట్ అన్నారు. నీళ్లు కాదు సర్, ఇసుక! ఫ్లోట్లు మునుగుతాయి! మనుషుల్ని ఎక్కించకండి! అన్నాను. స్టాంపులకు జిగురు రాస్తున్న ముసలాయన రాయడం మానేశాడు. నా గొంతు అంత పెద్దదని నాకూ తెలియదు.

మన్మథరావు గారు, సోమసుందరం గారు అలాంటి పొరపాటు చెయ్యరే, మీరెవరు అన్నారు. లెక్క చేసింది నేనే సర్, తప్పు నాదే అని అరిచాను. తొంభై ఫ్లోట్లు తయారైపోయాయమ్మా, వచ్చే సోమవారం లైను మొదలు అన్నారు. ట్రంక్ కాల్‌కి ఇచ్చే మూడు నిమిషాలు అయిపోయాయి. లైను కట్ అయింది.

నమ్మారో లేదో తెలియదు. బయటికి వస్తుంటే దక్షిణామూర్తి గారు, ఏటమ్మా, ఎవరు మునిగిపోయారు అని అడిగారు. ఇంకా ఎవరూ మునగలేదండీ అన్నాను.

25 ఫిబ్రవరి

గొంతు పోయింది.

3 మార్చి, సోమవారం

ఇవాళ లైను మొదలవ్వాలి. కబురు లేదు. మామయ్య డ్రాయింగు బోర్డు మీద దుప్పటి కప్పాడు. ముగ్గురం కంచాల ముందు కూర్చుని పోస్టుమన్ కోసం వీధిలోకి చూశాం.

7 మార్చి

ఉత్తరం వచ్చింది. అమ్మ చేతులు కడుక్కుని చింపింది.

మన్మథరావు గారు నా అరుపు విన్న మర్నాడే ఒక గొట్టం నిండా ఇసుక కూరించి, రెండు మూతలూ బిగించి, ఒక్క ఫ్లోట్ మీద ఒడ్డు పక్కన వదిలారట. పావుగంటలో కనపడకుండా పోయిందట. తాడు కట్టి ఉంచారు కాబట్టి పైకి లాగారు. లైను ఆపేశారు. తయారైన ఫ్లోట్లను ఏం చెయ్యాలో మీరే చెప్పాలి అని రాశారు. ఉత్తరం పైన మామయ్య పేరు. దాని పక్కన, లెక్క చేసిన అమ్మాయికి కూడా అని ఉంది.

మామయ్య ఆ ఒక్క వాక్యాన్ని నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. లేచి దుప్పటి తీసి మడతపెట్టాడు.

9 మార్చి

రెండు గొట్టాలకు మూడు ఫ్లోట్లు. అంతే. చేసినవి ఒక్కటీ పారెయ్యక్కర్లేదు, కొత్తవి మధ్యలో చేరతాయి. ఇసుకతో లెక్క కట్టాను. మూడో వంతు పైన. తొట్టిలో ఇసుకతో వదిలాను. మూడో వంతు పైన.

మామయ్య పాత ఫారం తీసి, నీటి బరువు అన్న ముక్క కొట్టేసి, వణికే చేత్తో సేండ్ అని రాశాడు. గీతలు కూడా నన్నే గీయమన్నాడు. పక్కన కూర్చుని, ఆ గీత లావైంది, ఈ బాణం వంకర అని సాయంత్రం దాకా సణిగాడు. అమ్మ రెండుసార్లు అడగకుండానే కాఫీ ఇచ్చింది.

12 ఏప్రిల్, శనివారం

విశాఖపట్నం. మన్మథరావు గారు రమ్మంటే మామయ్యా నేనూ వచ్చాం. ఆయన నేను అనుకున్నంత పెద్దవాడు కాదు, ముప్పై ఏళ్లు ఉంటాయి. నన్ను చూసి, ఆ గొంతు మీదేనా అన్నారు. నేల వైపు చూశాను.

లాంచీలో తీసుకెళ్లారు. లాంచీ నడిపే సారంగు పేరు చినబాబు. హార్బరులో మలుపు తిరిగాక లైను కనిపించింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. నూట ముప్పై రెండు గొట్టాలు, నూట తొంభై ఎనిమిది ఫ్లోట్లు. నేను వేలెడంత చూసినవి ఒక్కొక్కటి మా వంటిల్లంత. అల వస్తే ఆ చివర నుంచి ఈ చివరకు లైను మొత్తం ఒకసారి లేచి దిగుతుంది, నిద్రపోయేవాడి ఛాతీలా. దాని లోపల సముద్రపు నేల నడిచి వెళుతోంది. చెయ్యి ఆనిస్తే ఇనుము లోపల ఇసుక పాకే గరగర తెలిసింది. మామయ్య టోపీ తీసేశాడు.

మేం చూస్తుండగానే పంపు మూలిగింది. సారంగు, సోక్ అయిపోనాది, గొట్టం పూడుకుపోనాది, బేగి లాంచీ ఎనక్కి తియ్యండ్రా అని కేకేశాడు. మధ్యలో నాలుగైదు గొట్టాలు కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఆరుగురు సుత్తులు పట్టుకుని చెక్క మీద పరుగున వెళ్లారు. సుత్తి దెబ్బ ఖణేల్‌మని మోగుతూ వచ్చి ఒకచోట దబ్‌మంది. అక్కడ ఆగారు. ఆరుగురూ అక్కడే. ఒకడు ఇంకొకడితో, ఒరే నువ్వు తిన్నదంతా ఒంట్లోనే ఉంది, అవతలకి జరగరా, ములిగిపోతాం అంటున్నాడు. నవ్వుకుంటున్నారు.

ఫ్లోట్లు దిగుతున్నాయి. మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. దిగాయి, దిగాయి, ఆగాయి.

మూడో వంతు పైన. ఆరుగురి బరువుకి బెత్తెడు తక్కువ.

బోల్టులు విప్పారు. నల్లటి ఇసుక బుసకొట్టి సముద్రంలో పడింది. ఫ్లోట్లు ఒక్కొక్కటీ పైకి లేచాయి. ఇంత పెద్ద సముద్రం నా అంకెను చదివింది. నాకు ఏడుపు వచ్చింది. మామయ్య చూస్తే, ఎండ కళ్లలో పడింది అన్నాను.

13 ఏప్రిల్

తిరుగు బస్సులో ఇంటికి వచ్చాం. లాంచీ దిగేటప్పుడు చినబాబు చెప్పిన మాట నిన్న రాయలేదు. సుత్తులతో వెళ్లిన ఆరుగురూ మన నర్సీపట్నం వైపు చెరుకు పొలాల కూలీలు. ఒక్కడికీ ఈత రాదు.