అమ్మ మాను, కొత్త పేరు

అమ్మకు, నీ ఆనియెలా ప్రేమతో రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమే. అందరం అంటే నేనూ, నీ ముసలి పిల్లీనూ. చచ్చుబడిన కుడిచేయి కాస్త లేస్తోందని నర్సు చేత రాయించావు, చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. శానటోరియంలో బీట్‌రూట్ చారు నీళ్ళలా ఉందని వంటవాళ్ళకు తిట్లు కూడా ఆవిడ చేతే రాయించావు, పాపం! అవి చదివాకే నువ్వు కోలుకుంటావని నమ్మకం కుదిరింది.

నువ్వడిగిన ఉన్ని కోటు పంపాను. మన వ్యాసం కూడా అచ్చయింది. మానుకు అరల్లా కాసి, చెక్కను లోలోపలే కుళ్ళబెట్టే ఆ గులాబిరంగు పుట్టగొడుగు అందరూ చేర్చిన పాత ప్రజాతికి చెందదని నువ్వు జీవితమంతా వాదించావు. నిన్ను మొండిఘటమన్నవాళ్ళే ఇప్పుడు ఒప్పుకున్నారు. దానికి విడిగా ఒక ప్రజాతి, పాత పేరు పోయి నువ్వు ఎంచిన పేరే. నీ పంతం నెగ్గింది.

"నా మాను ఎలా ఉంది?" అని రెండుసార్లు అడిగావు. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

ఆ పుట్టగొడుగు కాసిన మాను ఇక లేదమ్మా. పురుగు పట్టిన స్ప్రూస్ చెట్లతో పాటు దాన్నీ కోసి లారీకెత్తేశారు. నేను వెళ్ళేసరికి రంపపు పొట్టు మిగిలింది. అడవి గార్డు విటోల్డ్ మీద పడి అరిచాను.

"నన్నంటే ఏం లాభం, అమ్మాయ్? ఆ పుట్టగొడుగుకు పాత పేరు ఉన్నన్నాళ్ళూ ఎవర్నైనా ఆ మాను మీద చెయ్యి వెయ్యనిచ్చానా? మీ వ్యాసం చూసి పైవాళ్ళు దీని పేరు మారిందన్నారు. కొత్త పేరేమో కాపాడవలసినవాటి జాబితాలో లేదు. మరి మార్చిందెవరు? మీ తల్లీకూతుళ్ళేగా!"

అతనన్నది నిజమే. ముందుగా జాబితాలో పేరు మార్పించాలని తట్టనే లేదు. గెలిచామన్న సంబరంలో ఉన్నాను.

లోకానికి తెలిసి అది బతికింది ఆ ఒక్క మాను మీదే. ఇప్పుడు నువ్వు దాచిన కాగితపు పొట్లంలో దాని ఎండిన ముక్క ఉంది, అంతే.

కానీ అమ్మా, పుట్టగొడుగులు దొరికే చోటు కన్నకూతురికైనా చెప్పని మనిషివి నువ్వు. ఆదివారం నిండు బుట్టతో వచ్చేదానివి. "ఎక్కడివే ఇవి?" అని అమ్మమ్మ అడిగితే "అడవిలోవి" అనేసి గిన్నె పొయ్యి మీద పెట్టేదానివి. దీనికి కూడా ఇంకో చోటు దాచుకున్నావా? ఉంటే నర్సు చేత "ఉంది" అని ఒక్క మాట రాయించు. ఎక్కడో మాత్రం చెప్పకు. నాక్కూడా చెప్పకు.

ఇట్లు,
నీ పంతం నెగ్గించి నీ మానును పోగొట్టిన కూతురు,
ఆనియెలా