మొదటి చిప్పుకు బొట్టు

గద్వాల, 12 నవంబర్ 1991

తమ్ముడు కొత్త రకం చీరను ఈరోజు మగ్గం మీంచి కోశాడు. కొత్త రకంలో మొదటి చీరకు బొట్టు పెట్టనిదే మా ఇంట్లో షావుకారుకు పంపరు. అమ్మ చీర అంచుకు పసుపు కుంకుమ అద్ది నావైపు తిరిగింది.

"హైదరాబాద్‌ల నువ్వు చేసేటి చిప్పు గూడ ఒకటి పట్కరా కొడుకా. గిట్లనే బొట్టు పెడ్త."

"అది మిలిటరీదమ్మా. బయటికి తేనియ్యరు."

"దేశం పనాయె, ఇంక నేనేమంట," అంది. ఎంత గర్వమో ఆ ముఖంలో.

ఆ పనే ఇప్పుడు లేదని చెప్పలేకపోయాను. రాడార్లకు కావలసిన వేగమైన చిప్పు మనకు ఇవ్వనంటే ఇవ్వనని ఇన్నేళ్లు బిగుసుకున్న విదేశీ కంపెనీ, మేం చేసింది పనిచేసిందని తెలియగానే అమ్ముతానని వచ్చింది. కొనుక్కుంటే సరిపోతుందని పైవాళ్లు మా ప్రాజెక్టు మూసేశారు. రేపు ఆ కంపెనీ మళ్లీ ఇవ్వనంటే? అడిగితే, అది నీకు సంబంధం లేని విషయమన్నారు.

మా మొదటి చిప్పును బీరువాలో పెట్టి తాళం వేశారు. శత్రువుకు దొరకకూడదట.

మిగిలిన కుంకుమను అమ్మ పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది, ఆఫీసులోనే చిప్పుకు పెట్టమని. పెడితే ఆ తాళానికే పెట్టాలి.