తిరగెయ్యని గ్రహం

అత్తా,

బతికున్నన్నాళ్లూ నిన్ను 'మీరు' అన్నాను. ఇక అనను. ఈరోజు నీ తద్దినం. పొద్దున పేపర్లో చదివాను: ఎక్కడో దూరాన ఒక గ్రహం దొరికిందట. అక్కడ ఏడాదంటే నాలుగు రోజులేనట. ఒక పక్క ఎప్పుడూ ఎండ, రెండో పక్క ఎప్పుడూ చీకటేనట.

మన మిరప కళ్లం గుర్తొచ్చింది. ఐదో నెల కడుపుతో ఉన్న నన్ను మిట్టమధ్యాహ్నం అక్కడికి తోలావు. "కాయలు తిరగెయ్యవే! లేకపోతే పై పక్క తెల్లబడుద్ది, కింది పక్క బూజు పట్టుద్ది" అన్నావు. సాయంత్రానికి నా కడుపు పోయింది. నువ్వు అడిగింది ఒక్కటే: "అన్నీ తిరగేసిందా, లేదా?"

ఇందాక నీకు విస్తరి వడ్డిస్తూ, నువ్వు ఆ గ్రహానికే చేరాలని మొక్కుకున్నాను. నాలుగు రోజులకోసారి తద్దినమైనా వండిపెడతాను. నిన్ను తిరగెయ్యడానికి మాత్రం రాను.