నువ్వు పేరు పెట్టి పిలిచిన రోజు

ఏమయ్యా,

ఇవాళ ఈస్టరు. తెల్లవారకముందే సమాధుల తోటలో, నీ సమాధి పక్కనే ప్రార్థన జరిగింది. తోట అంటారు గానీ ఈ కరువు నేలలో ఒక్క చెట్టూ లేదు. "అక్కా, ఈతూరి వాక్యం నువ్వే చదవల్ల," అన్నాడు పాస్టరయ్య.

ఆ వాక్యంలో, చనిపోయి తిరిగి లేచిన యేసును చూసి మరియ తోటమాలి అనుకుంటుంది. ఆయన పేరు పెట్టి పిలిచాకే గుర్తుపడుతుంది. అక్కడ చదవడం ఆపేశాను.

ముప్పై ఏళ్లూ నన్ను "ఏమే" అనే పిలిచావు. నీ ఆఖరి రోజు శెనక్కాయ చేలో కలుపు తీస్తుంటే, వెనకనుంచి సన్నగా "సుగుణా" అన్నావు. కూలికొచ్చిన ఇంకో సుగుణను ఎవరో పిలుస్తున్నారనుకుని తలెత్తలేదు. తర్వాత చూస్తే నువ్వు సాలులో పడి ఉన్నావు, ఊపిరి లేదు. నీకు ఆ రోజే గుర్తొచ్చిందా నా పేరు?

మరియ ఆ పిలుపుకు వెంటనే తిరిగింది. నేను ఇవాళ తిరిగాను, నీ సమాధి వైపు.