ఇంజను చల్లబడే అయిదు నిమిషాలు

చాకో,
సెప్టెంబరు 14, 1996

చిరంజీవి లిబ్రాదాకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేను, కుక్క, ఆరు కోళ్లు క్షేమం. 'అందరం' అని రాయబోయి ఆగాను. ఎన్‌కార్నసియోన్‌లో నీ నర్సింగ్ చదువు, నీ ఆరోగ్యం ఎలా ఉన్నాయో రాయి.

అమ్మ చివరి రోజు సంగతి మళ్లీ వరసగా రాయమన్నావు. గురువారం. అప్పటికి మూడు రోజులుగా ఉత్తరం నుంచి వేడిగాలి వీస్తోంది. అమ్మ అయిదింటికి లేచింది. వేడి మాతే ఆకు కషాయం రెండు గుక్కలు తాగి, ఇవాళ మరీ చేదుగా ఉందంది. ఏడింటికి మేస్త్రీ కాంతాలిసియో వచ్చాడు. పది నలభైకి అమ్మ పోయింది. పోయిన నెల ఉత్తరంలోనూ ఇదే రాశాను. అందులో ఒక మాట అబద్ధం. దాని దగ్గరికి వస్తాను.

ముందు నీ మిగతా ప్రశ్నలు.

అమ్మ నడిపిన బుల్డోజరును ఇంకా అమ్మలేదు. చూడ్డానికి ఒకాయన వచ్చాడు. బ్లేడును బూటుతో తన్ని, "ఆడమనిషి నడిపిన బండే కదా, పెద్దగా అరిగి ఉండదులే" అన్నాడు. "పందొమ్మిదేళ్లు నడిచింది. గొలుసు పట్టాలు రెండుసార్లు మార్చాం. నడిపే మనిషిని మార్చే అవసరం రాలేదు" అన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

ఉత్తరపు చెక్కలో గడ్డి మోకాలెత్తు వచ్చింది. పక్కనే ఇంకొకరు చదును చేసిన నేల తెల్లగా, బట్టతలలా ఉంది. వాళ్లు చెట్టుతోపాటు పైమన్ను కూడా నెట్టేస్తారు. మంచి మన్నంతా కంప కుప్పల కిందికి పోతుంది. అమ్మ బ్లేడును నేలకు జానెడు ఎత్తున పట్టేది. వేరు వచ్చేది, మన్ను రాలి అక్కడే పడేది. ఈ సంగతి నేను వ్యవసాయ కాలేజీలో చదివి తెలుసుకున్నాను. అమ్మ బండెక్కిన పదో రోజుకే కనిపెట్టింది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఆమెతో కూడా.

అడవిలో తేనె తీసే నివాక్లే తెగవాళ్లు వస్తున్నారా అని అడిగావు. వస్తున్నారు. పని మొదలుపెట్టే ముందు అమ్మ మూడుసార్లు హారను కొట్టి, ఇంజను ఆపి, వంద లెక్కపెట్టడం నీకు తెలుసు. ఆ వంద పూర్తయ్యేలోపు పొదల్లో ఉన్నవాళ్లు బయటికి వచ్చేసేవాళ్లు. పోయిన వారం ఇద్దరు ఆడవాళ్లు గుమ్మం దగ్గర సీసాడు తేనె పెట్టి వెళ్లారు.

ఇక నువ్వు కింద రెండు గీతలు గీసిన ప్రశ్న. ఆ రోజు ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని.

లిబ్రాదా, నేను రాసినట్టు అమ్మ మంచంలో పోలేదు.

పొలానికీ పొలానికీ మధ్య గాలికి అడ్డంగా నూరు మీటర్ల వెడల్పు అడవి వదలాలి. దాని అంచు గుర్తుపెట్టడం నా పని. చెట్లకు రంగు పూయాలి. అమ్మ గుండె జబ్బు హడావిడిలో నేను ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టి ఇంటికి వచ్చేశాను. ఆ ఎండకూ గాలికీ మూడు రోజుల్లో అవన్నీ పొడిపొడై పోయాయి. చాకోలో పాతికేళ్లుగా ఉన్నవాడు చేయకూడని తప్పు.

కాంతాలిసియో టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంజనీరు గారూ, మీ రిబ్బను ఒక్కటంటే ఒక్కటి లేదు. అమ్మగారి బదులు మీరు పెట్టిన డ్రైవరుకి ఎక్కడాగాలో తెలీట్లేదు. గాలికి అడ్డు చెట్లు నాలుగు పడగొట్టేశాడు కూడా."

"నేనొచ్చి చూపిస్తాను" అన్నాను.

లోపల్నుంచి అమ్మ నవ్వింది. "నీ గీత కాగితం మీద ఉంటుంది, ఇంజనీరూ. చెట్లు నాకు తెలుసు. కాంతాలిసియో, నీ ట్రక్కులో ముందు సీటు ఖాళీ చెయ్యి. ఆ కోళ్ల గంప దించు."

"ఒబ్దులియమ్మా, మీ ఒంట్లో..."

"ఒంట్లో ఏముందో డాక్టరు చెప్పాడు. పొలంలో ఏముందో నేను చెప్తా, పద."

ఆ గుండెతో రెండు మెట్లు కూడా ఎక్కకూడదని డాక్టరు చెప్పింది నాతోనే. బుల్డోజరుకు మూడు మెట్లు. రోడ్డు చీలే చోట ఎడమకు తిరిగితే ఆసుపత్రి, కుడికి తిరిగితే పొలం. కాంతాలిసియో ట్రక్కు ఆపి నావైపు చూశాడు. అమ్మ చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కుడికి పొమ్మన్నది నేను. పొలంలో ఆమె కాలి కింద పెట్టె వేసి, నడుం పట్టి పైకి ఎక్కించింది కూడా నేనే.

హారను మూడుసార్లు మోగింది. ఇద్దరం వంద లెక్కపెట్టాం, ఆమె పైన, నేను కింద.

రెండు గంటల పది నిమిషాలు నడిపింది. అంచు పొడుగునా కంపంతా తీసింది. అడ్డు చెట్లలో ఒక్కదాని బెరడు కూడా గీరుకోలేదు. నువ్వు చిన్నప్పుడు గర్భిణి చెట్టు అనేదానివే, పొట్ట ఉబ్బిన ఆ సముఉ చెట్టు, దాని పక్కనుంచి అరచెయ్యి సందుతో బండి పోనిచ్చింది. డ్రైవరు గట్టు మీద కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. "కాగితం మీద కూడా ఇంత తిన్నగా రాదు కదండీ, ఇంజనీరు గారూ" అన్నాడు కాంతాలిసియో. రాదన్నాను.

పని అయ్యాక వేడి ఇంజనును వెంటనే ఆపకూడదు, అయిదు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. నువ్వు ఆమె ఒళ్లో కూర్చుని ఆ నిమిషాలు లెక్కపెట్టేదానివి. నేను చెట్టు నీడన గడియారం చూస్తున్నాను. అయిదయ్యాయి. ఆరు. అమ్మ ఎప్పుడూ ఆరు దాటనివ్వలేదు. ఎనిమిదికి లేచి వెళ్లాను.

బ్లేడు నేల మీద ఆనించి ఉంది. బ్రేకు వేసి ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఏ పనీ మిగల్చలేదు. ఇంజను నేను ఆపాను.

నిన్ను భయపెట్టకూడదని మంచంలో అని రాశాను. అది కూడా పూర్తి నిజం కాదు. నువ్వు నర్సువి కాబోతున్నావు, నన్ను ఏమంటావోనని భయపడ్డాను.

రిబ్బన్ల తప్పు నాది. ఆ నాలుగు చెట్లూ నా లెక్కలోనివే. కుడికి తిరగమన్న మాట గురించి నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. తప్పో ఒప్పో నువ్వు చెప్పు, ఏం చెప్పినా పడతాను. కానీ ఆ అంచు చూసినప్పుడల్లా నా ఛాతీ పొంగుతోంది. అది కూడా దాచకూడదనిపించింది.

సోమవారం ఆ చెట్లకు అవతలి పొలంలో పని మొదలు. రేపు పొద్దున ఆరింటికి ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు తీసుకుని వెళ్తాను. అమ్మ వదిలిన చెట్లకు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒక్కొక్కదానికీ నా చేత్తో రంగు పూస్తాను.

ఇట్లు,
మీ నాన్న
తిమోతేయో