ఓవిలా కొడుకు హైనో

హానోవర్,
11 ఫిబ్రవరి 2021, గురువారం.

చిరంజీవి ఉదయశ్రీకి,

ఒకరికి అందించమని చేతికిచ్చిన మాటను దారిలో తన జేబులో దాచుకున్నవాణ్ణి ఏమంటావు తల్లీ? సేవకుడంటావా, దొంగంటావా? ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నువ్వే తీర్పు చెప్పు. నేను అడ్డు చెప్పను.

ప్రభువు కృపవల్ల నేనూ మీ అమ్మా ఇక్కడ క్షేమంగా ఉన్నాం. కెనడాలో, ఆ త్రువా రివియేర్ చలిలో నువ్వు కూడా ఆరోగ్యంగా ఉన్నావని నమ్ముతున్నాం. ఆదివారం నుంచి ఇక్కడ మోకాలి లోతు మంచు. రెండు రోజులు ట్రాములు నడవలేదు. మీ అమ్మ హాస్పిటల్‌కి గంటన్నర నడిచి వెళ్ళింది. వ్యాక్సిన్ మొదటి డోసు వేయించుకుందా అని అడిగావు. వేయించుకుంది, రెండు రోజులు చెయ్యి ఎత్తలేకపోయింది. నాకింకా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. మీకు రాత్రి ఎనిమిదికే కర్ఫ్యూ అని రాశావు. పగలే సరుకులు తెచ్చుకుని ఇంట్లో ఉండు. ఫ్రెంచ్ పరీక్ష పాసైనందుకు సంతోషం. హైనో తండ్రిని వెతికిన పనికంతటికీ నీ ఫ్రెంచే తాళంచెవి అయింది.

లోరెట్ గారు అడిగిన ప్రశ్న రాశావు కదా, తన అన్నయ్య హైనో ఎడమచేతి వాటమా అని. అవును తల్లీ. ఆయన ఎడమచెయ్యి వాడకుండా బడిలో పంతులు దాన్ని బెంచీకి కట్టేసేవాడట. అయినా డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా స్పార్గెల్ (తెల్ల ఆస్పరాగస్) పండించే మట్టికట్టల్లో ఆ పొడుగు కత్తిని ఎడమచేత్తోనే దించేవాడు. తెల్లటి కాడ విరగకుండా పైకి వచ్చేది. రెండు వేసవులు నువ్వు ఆయన పక్కన పనిచేశావు, చూసే ఉంటావు.

ఆయన కథ నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి రాస్తున్నాను, లోరెట్ గారికి చదివి వినిపించాలి కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది ఇక్కడ సముద్రం పక్క పల్లెల్లో కెనడా సైనికులు దిగారు. ఒక రైతు దగ్గర పాలు పితికే గెజీన అనే పిల్ల వాళ్ళలో ఒకణ్ణి ప్రేమించింది. మరుసటి ఏడాది అతన్ని ఇంటికి పంపేశారు. అప్పటికి ఆమె గర్భవతి. సంగతి తెలిసి రైతు ఆమెను పనిలోంచి వెళ్ళగొట్టాడు. హైనో పుట్టాడు. కాగితాల్లో తండ్రి పేరు దగ్గర గీత గీశారు. పన్నెండేళ్ళకు పొలంలోకి దిగాడు. ఎవరి పొలంలో పని ఉంటే అక్కడ, ఎవరి కొట్టం మీద గది ఖాళీగా ఉంటే అక్కడ బతికాడు. పెళ్ళి లేదు, ఫోను లేదు. తల్లి ఇచ్చిన, ఆ సైనికుడి రేకు మగ్గు ఒకటి ఉండేది. దాని అడుగున మేకుతో గీకిన పేరు, సైన్యం నంబరు.

నేను పని చేసే ప్యాకింగ్ షెడ్డులోనే ఆయనా పని చేసేవాడు. ఆదివారాలు నేను మన సంఘంలో ప్రసంగిస్తానని నన్ను పాస్టరని పిలిచి ఏడిపించేవాడు. సోమవారం నన్ను చూడగానే, "ఏం పాస్టరూ, నిన్న ఎంతమందిని నరకానికి పంపావు?" అనేవాడు. నేను లెక్క చెప్పేవాణ్ణి, అందులో ఆయన్నీ కలిపి. అలాంటి మనిషి నిరుడు మార్చిలో, అన్నీ మూసేసినప్పుడు, నా ముందు ఆ మగ్గు బోర్లించి పెట్టాడు. "మీ వేదంలో ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడని పేజీల కొద్దీ ఉంటుందటగా. నన్ను ఎవడు కన్నాడో కనుక్కోగలవా?" అన్నాడు. ఆ ఒక్కసారే ఆయన గొంతులో వెటకారం లేదు.

మిగతాదంతా నీ కష్టమే. మగ్గు మీది నంబరుతో సైన్యం రికార్డుల వాళ్ళకు రాశావు. మూతపడిన చర్చిల్లో బాప్తిస్మం పుస్తకాలు చూసే ముసలమ్మలను ఫోనులో బతిమాలి పేజీలు చదివించుకున్నావు. హైనో తండ్రి, ఎప్పుడో చనిపోయిన ఓవిలా తెస్సియే, ఆ పుస్తకాల్లో దొరికాడు. చలికాలం అడవిలో దుంగలు కొట్టి, ఎండాకాలం ఊళ్ళోవాళ్ళ గడ్డి కోసిన కూలివాడు. ఆయన తండ్రీ కూలివాడే, తాతా కూలివాడే. సొంత నేల లేని వంశం, అయినా ప్రతి పేరూ పుస్తకంలో ఉంది. చివర్లో కూతురు దొరికింది, లోరెట్, నీ ఊళ్ళోనే. ఆవిడ రాసిన నాలుగు పేజీల ఉత్తరాన్ని నువ్వు ఇంగ్లీషులో పెట్టి, తండ్రి ఫోటోతో కలిపి పంపావు. అది నవంబరు పద్దెనిమిదిన నాకు అందింది.

డిసెంబరులో, ఆ ఉత్తరం హైనోకు ఇచ్చానని నీకు రాశాను. అది అబద్ధం తల్లీ. నేను ఇవ్వలేదు.

ఎందుకో చెబుతాను. ఆ ఉత్తరం చదివి నేను మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. కన్నీళ్ళు తుడుచుకునేలోపే నాలోని ప్రసంగీకుడు లేచాడు. ఇది ఎంత గొప్ప సాక్ష్యం అనుకున్నాను. క్రిస్మస్ కూడికకు హైనోను పిలిచి, మన ఇరవై ఆరు కుటుంబాల ముందు నిలబెట్టి, అక్కడ ఈ ఉత్తరం చదవాలి. తండ్రి లేనివాడికి పరలోకపు తండ్రి భూలోకపు తండ్రిని చూపించాడని చాటాలి. అందరి ముందూ ఆయన కరిగి బాప్తిస్మం అడగాలి. అంతా మనసులో రాసేసుకున్నాను, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ ఆగాలో సహా.

డిసెంబరులో హాలు మూసేశారు. జూమ్ చూసుకునే జగన్మోహన్, ఆన్‌లైన్‌లోనే పిలుద్దాం బ్రదర్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. జూమ్‌లో సాక్ష్యం చెబితే సగంమంది కెమెరాలు ఆపేసి కూర తాళింపు పెట్టుకుంటారు. అందుకని ఈస్టర్‌కు వాయిదా వేశాను. మీ అమ్మకు తెలిసి నిలదీసింది. "ఆ ముసలాయన ప్రాణం మీ మీటింగు కోసం ఆగుద్దా అండీ?" అంది. ఆత్మల సంగతి నీకు తెలియదులే అని ఆవిడ నోరు మూయించాను.

హైనో మాత్రం వారానికోసారి అడిగేవాడు. బంగాళదుంపల సంచులు కుడుతూ, తల ఎత్తకుండా, కెనడా నుంచి ఏమన్నా వచ్చిందా అని. ఉత్తరం నా కోటు లోపలి జేబులో ఉండేది. నేను ఏమన్నానో తెలుసా? "దేవుడు తన సమయంలో ఇస్తాడు హైనో" అన్నాను. దేవుడు ఇచ్చేసి అప్పటికే ఏడు వారాలైంది. ఆపింది నేను. పంపిన ఊరికి వార్త తీసుకెళ్ళకుండా ఓడెక్కి పారిపోయిన ప్రవక్త మీద ఎన్నిసార్లు కేకలు వేసి ప్రసంగించాను! ఆయన కనీసం భయపడి పారిపోయాడు. నేను చప్పట్ల కోసం ఆపాను.

జనవరి పదిహేనున హైనోకు జ్వరం వచ్చింది. మూడో రోజుకి ఊపిరి అందక అంబులెన్సులో తీసుకెళ్ళారు. మీ అమ్మ పనిచేసే వార్డులోనే పెట్టారు. ఆ రోజు నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి గేటు దగ్గర ఉత్తరం మీ అమ్మకు ఇచ్చాను. నన్ను లోపలికి రానివ్వలేదు. అప్పటికే ఆయనను వెంటిలేటర్ మీద నిద్రపుచ్చారు. మీ అమ్మ, రెండు మాస్కుల వెనక నుంచి, తనకు వచ్చిన జర్మన్‌లో, డ్యూటీ దిగాక మూడు రోజులు ఆయన చెవి దగ్గర ఆ నాలుగు పేజీలూ చదివింది. ఓవిలా ఇంటికి చేరాక గెజీనకు రెండు ఉత్తరాలు రాశాడని, రెండూ తిరిగి వచ్చాయని. చనిపోయే ముందు, "అక్కడ నాకో బిడ్డ ఉండాలి" అన్నాడని అందులో ఉంది. హైనో విన్నాడో లేదో తెలియదు. విన్నాడని నీతో అని నన్ను నేను తేలిక చేసుకోను. జనవరి ఇరవై ఎనిమిదిన హైనో చనిపోయాడు.

ఈ రెండు వారాలూ నువ్వు "లోరెట్ గారు అన్నయ్యతో మాట్లాడించమని అడుగుతున్నారు నాన్నా" అని మెసేజ్ పెట్టినప్పుడల్లా, ఆయనకు ఫోనంటే బెరుకు అని రాశాను. అదీ అబద్ధమే. కావలివాడు బూర ఊదకపోతే చనిపోయినవాళ్ళ రక్తానికి ఎవరు లెక్క చెప్పాలో నేనే అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు వేదిక ఎక్కడానికి నాకు మొహం లేదు. సంఘానికి ఆదివారం అంతా చెప్పి దిగిపోతాను. కాని లోరెట్ గారి విషయం ఆదివారం దాకా ఆగదు.

భూమి గడ్డకట్టడంతో సోమవారం జరగాల్సిన సమాధి వాయిదా పడింది. రేపు మధ్యాహ్నం మూడింటికి పెట్టారు, మీకు పొద్దున తొమ్మిది. పదిమందికే అనుమతి. పొలం యజమాని ఖర్చు పెట్టుకుని, నాలుగు మాటలు మీరే చెప్పండి అన్నాడు. నేను చెప్పనన్నాను. ఆ నాలుగు మాటలూ ఆయన రక్తసంబంధి చెప్పాలి. నేను ఫోను పట్టుకుని నోరు మూసుకుని నిలబడతాను.

అందుకే చేత్తో రాసిన ఈ పేజీలన్నీ ఫోటోలు తీసి పంపుతున్నాను. ఫోనులో చెప్పబోతే నా గొంతు మళ్ళీ ప్రసంగంలోకి జారుతుంది. నువ్వు చదివాక ఆలోచిస్తూ కూర్చోకు. ముందు లోరెట్ గారి పక్కింటామెకు ఫోన్ చెయ్యి, ఒంటరిగా ఉన్నప్పుడు ఈ వార్త వినకూడదు. తర్వాత నడిచి వెళ్ళు, మెట్ల దగ్గరే దూరంగా నిలబడు, మాస్కు తీయకు. మీ అన్నయ్య చనిపోయాడని చెప్పు. మీ ఉత్తరాన్ని మా నాన్న దాచాడని చెప్పు, నా పేరుతో చెప్పు, నన్ను కాపాడకు. ఆవిడ తిడితే మాట పోకుండా విని, నాకు రాయి. రేపు తొమ్మిదింటికి అన్నయ్యతో మాట్లాడతారా అని అడుగు. కర్ఫ్యూ ఎనిమిదికి. ఇంకో మంచి సమయం కోసం చూడకు తల్లీ, నేను చూసింది చాలు. లే, బూట్లు తొడుక్కో, ఈ రోజే, ఇప్పుడే వెళ్ళు.

ఇట్లు,
క్షమించమని అడగడానికి కూడా ఆలస్యం చేసిన
నీ నాన్న,
బ్రహ్మయ్య