ఇరవయ్యో ఎక్కం దాకా గుత్త

ఎల్లారెడ్డి,
జూన్ 30

పెద్దబాపుకు వినీత నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్న. అక్కడ నువ్వు, పెద్దవ్వ బాగున్నారనుకుంటున్న. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదని, ట్యూషన్ సంగతులు కాగితం మీదనే రాయాలని షరతు పెట్టావు. నలభై ఏండ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేసినవాడితో వాదించలేక రాస్తున్న.

నీ షటర్ కడిగించి, బోర్డు పెట్టి, చాపలు పరిచి పదిహేను రోజులైంది. ఫీజు నెలకు ఐదు వందలు. ఇప్పటికి ముగ్గురు పిల్లలు చేరారు, అందులో ఒకడు ఫ్యాన్ కోసం వస్తున్నాడు. దసరా నాటికి ఇరవై మంది కూర్చుని ఉండకపోతే షటర్‌ను చికెన్ సెంటర్ పెట్టుకుంటానన్న శైలేందర్‌కు కిరాయికిస్తానన్నావు కదా. ఆయన రోజూ సాయంత్రం వచ్చి కోళ్ళ గంపలు ఎక్కడ పెట్టాలో చూసుకుని పోతున్నాడు.

నేను మళ్ళీ ఆ ప్రైవేటు బడికి పోలేను పెద్దబాపూ. ఎండాకాలం వస్తే చాలు, అడ్మిషన్లు తెమ్మని టీచర్లను ఇల్లిల్లూ తిప్పేవాళ్ళు. ఒక ఇంట్లో ముసలవ్వ మమ్మల్ని చూసి లోపలికి పోయి దోసెడు బియ్యం తెచ్చింది. ఆ రోజు నేను బస్సులో ఏడ్చిన. పాఠం చెప్పుకుని బతకాలని ఉంది, గుమ్మాల ముందు నిలబడి కాదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రావాలంటే ఏం చేయాలో చెప్పు.

నీ బిడ్డ,
వినీత

తా.క.: కవరు అంటించే లోపల ఒకాయన వచ్చాడు. సంతోషంతో కుర్చీ వేసిన. కూర్చుని, కోడి కిలో ఎంత అని అడిగాడు.

* * *

కామారెడ్డి,
జూలై 4

చిరంజీవి వినీతకు పెద్దబాపు రాజయ్య దీవెనలు.

మీ పెద్దవ్వ మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. ఫికర్ చేయకు. గిరాకీ ఊకె రాదు, దానికి ఒక పద్ధతి ఉంటది. మిల్లుకు కొత్త రైతు రావాలంటే మేము మొదటి బస్తా పైసలు తీసుకోకుండ పట్టిచ్చేటోళ్ళం. నువ్వు గూడ మొదటి వారం ఫీజు లేకుండ చెప్పు. రెండోది, అన్నదమ్ములు వస్తే ఒకనికి పూర్తి ఫీజు, మిగిలినోళ్ళకు సగం పెట్టు. కామారెడ్డిల ట్యూషన్లన్నీ గిట్లనే నడుస్తున్నయి. నేను స్టేషన్ రోడ్డు మీద నిలబడి నాలుగు బోర్డులు చదివి వచ్చి మరీ రాస్తున్న.

షరతు మాత్రం షరతే. దసరా, ఇరవై మంది.

ఇట్లు,
రాజయ్య, రిటైర్డ్ గుమాస్తా

తా.క.: శైలేందర్‌కు షటర్ ఇస్తే మనకు కిలో మీద ఎంత తగ్గిస్తడని మీ పెద్దవ్వ అడుగుతున్నది.

* * *

ఎల్లారెడ్డి,
జూలై 25

పెద్దబాపుకు వినీత నమస్కారాలతో పాటు ఫిర్యాదులు కూడా.

నువ్వు చెప్పినట్టే మొదటి వారం ఫీజు లేదని బోర్డు మీద రాసిన. రామవ్వ అనే ఆమె ఇంటి నుంచి మొదటి వారం పల్లవి అనే మనవరాలు వచ్చింది. రెండో వారం పల్లవి తమ్ముడు వచ్చాడు. మూడో వారం వాళ్ళ చిన్నబాపు కూతురు. ఎవరికి వాళ్ళకు అది మొదటి వారమే. ఇక్కడ విన్నది ఇంటికి పోయి మిగిలిన వాళ్ళకు చెప్పుకుంటున్నారు. ఆ ఇంట్లో ఇంకా ఆరుగురు ఉన్నారట, వినాయక చవితి దాకా సరిపోతారు.

అన్నదమ్ములకు సగం ఫీజు అని రాసిన మర్నాడే ఏడుగురు వచ్చారు, అందరూ అన్నదమ్ములమని. చూస్తే చిన్నబాపు కొడుకులు, పెద్దబాపు కొడుకులు. వాళ్ళను తెచ్చింది సిద్ధిరాములు, ట్రాక్టర్ నడిపే ఆయన. ఒకే తల్లి పిల్లలు కాదు కదా అంటే, "పెద్దబాపు కొడుకు అన్న గాకపోతే ఏమైతడు టీచరమ్మ?" అని అడిగాడు. నీ బిడ్డనై ఉండి కాదని ఎట్లా అనాలి?

చివరికి ఆయనే దారి చూపాడు. తమకు నెల జీతాలు లేవు, నెలనెలా ఫీజు ఎక్కడి నుంచి తేవాలన్నాడు. నాటుకు, కోతకు కూలీలకు ఇచ్చినట్టు గుత్తకు మాట్లాడుకుందాం, ఎన్ని రోజులు పట్టినా మీ ఇష్టం, పని అయినాక మొత్తం ఒకేసారి ఇస్తామన్నాడు. ఇరవయ్యో ఎక్కం దాకా, వారపు అంగడి లెక్కలతో సహా, ఒక్కొక్కరికి గుత్త మాట్లాడుకున్నం. అది

800 రూపాయలు.

ఆ మాట ఊర్లో తిరిగింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది

23 మంది.

నీ బిడ్డ,
వినీత

తా.క.: ఒకాయన తన కొడుకుకు పన్నెండో ఎక్కం దాకా వచ్చని, మిగిలిన ఎనిమిదింటికే గుత్త కట్టమన్నాడు. పిలిచి చెప్పమంటే పిల్లవాడు ఏడు దగ్గరే ఆగిపోయాడు. నడుమ ఉన్న ఐదు ఎక్కాల పైసలు పోయినేడు బడికి కట్టినం, అవి ఎవరిస్తరని ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు.

* * *

కామారెడ్డి,
జూలై 30

చిరంజీవి వినీతకు పెద్దబాపు వెయ్యి దీవెనలు.

నా బోర్డుల మాట పనిచేసింది చూసినవా. ఇరవై మూడు మంది, ఎనిమిది వందల చొప్పున, నెలకు పద్దెనిమిది వేల నాలుగు వందలు. నలభై ఏండ్లల్ల నా జీతం అంత ఎన్నడు కాలేదు. ఈ ముచ్చట మన వాళ్ళందరికీ చెప్పిన. మీ పెద్దవ్వ అన్నదమ్ములు మాచారెడ్డిల ఉన్నరు గద, అక్కడ ఇంకొక ట్యూషన్ తెరుద్దమని వాళ్ళతోని మాట్లాడిన. ఒక షటర్ గూడ చూసి పెట్టిన్రు. మూతబడ్డ బడివి పాత బెంచీలు పది అగ్గువకు దొరికితే కొన్న, వాకిట్ల పెట్టిచ్చిన.

శైలేందర్‌కు ఫోన్ చేసి షటర్ మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పిన.

ఇట్లు,
రాజయ్య, రెండు ట్యూషన్ల ఓనర్

తా.క.: నా కండ్లద్దాలు రిపేరుకు ఇచ్చిన. నీ ఉత్తరంల విడిగ పెద్దగ రాసిన రెండు అంకెలు తప్ప ఏం కనిపించలేదు. అద్దాలు రాంగనే మిగిలింది చదువుత.

* * *

ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ 12

పెద్దబాపుకు నమస్కారాలు. అద్దాలు వచ్చాకనే ఈ ఉత్తరం చదవాలని మనవి.

రెండు పూటల పాఠాల్లో పడి జవాబు ఆలస్యం చేసిన. నేను రాసింది నెల ఫీజు కాదు. పని మొత్తానికి ఒక్కసారి ఇచ్చే గుత్త. మాచారెడ్డి షటర్ తీసుకోకు. బెంచీలు పంపకు, ఇక్కడ పట్టవు.

ఇక పని సంగతి. నెల ఫీజు అయితే ఎంత సాగదీస్తే అంత లాభం. గుత్తలో ఎంత తొందరగా అయితే అంత లాభం. అందుకని పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్ పెట్టి, ఎక్కాలు వచ్చిన వాళ్ళను రాని వాళ్ళ పక్కన కూర్చోబెట్టి, ఆరు వారాల్లో ఇరవయ్యో ఎక్కం దాటించిన. ఇంత ఇష్టంగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు.

పైసలు ఇచ్చే ముందు సిద్ధిరాములు ఒక మాట అడిగాడు. "నాటేసినంక గట్టు మీద నిలబడి చూసి పైసలిస్తం. దీన్ని ఏ గట్టు మీద నిలబడి చూడాలె?" ఇంట్లో వాళ్ళలో చాలామందికి ఎక్కాలు రావు, అడిగి చూసుకునే వీలు లేదు. అందరూ కలిసి అంగడి నాడు పిల్లలను వెంట తీసుకుపోవాలని తేల్చారు. ఏది కొన్నా, అమ్మేవాళ్ళ కంటే ముందు పిల్లలు లెక్క చెప్పాలి. చెప్తే పని అయినట్టు. ఇరవై మూడు మందీ చెప్పారు. అక్కడికక్కడే, టమాటల కుప్పల నడుమ, అందరూ గుత్త పైసలు నా చేతిలో పెట్టారు. ఒక్కరూ బాకీ లేరు.

నీ బిడ్డ,
వినీత

తా.క.: ఉల్లిగడ్డలమ్మే ఎంకయ్య, మా పిల్లలు వరుసగా రావడం చూసి కాంటా మీద బస్తా కప్పి చాయ్ తాగడానికి పోయాడు. వాళ్ళు పోయేదాకా మూడు చాయ్‌లు తాగాడట.

* * *

కామారెడ్డి,
సెప్టెంబర్ 18

వినీతకు పెద్దబాపు రాసేది.

నెలన్నరకు అద్దాలు వచ్చినయి. నీ ఉత్తరాలు రెండూ చదివిన. చదివినంక అద్దాలు రాకపోతేనే బాగుండు అనిపించింది.

చదువును తీసుకపోయి అంగట్ల పెట్టినవా? కూరగాయల నడుమ పరీక్షనా? మన ఇంట్ల ఎవరన్న గిట్ల చేసిన్రా? అది అట్లుంచు. గుత్త అంటే ఏందో నాకు తెల్వదా. పని అయిపోయినంక కూలీలు ఎవరింటికి వాళ్ళు పోతరు. ఇప్పుడు నీ కాడ ఎంతమంది ఉన్నరు? వచ్చిపోయినోళ్ళ లెక్క నాకు వద్దు, చాప మీద కూర్చున్నోళ్ళ లెక్క రాయి. దసరాకు ఇరవై లేకుంటే షటర్ శైలేందర్‌దే. రెండో ట్యూషన్ అని మాచారెడ్డి దాకా చెప్పుకున్న, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని పోవాలె.

ఇట్లు,
రాజయ్య

తా.క.: మీ పెద్దవ్వ పది బెంచీల మీద బట్టలు ఆరేస్తున్నది. ఎవరన్న అడిగితే మాచారెడ్డి బ్రాంచి అంటున్నది.

* * *

ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ 29

పెద్దబాపుకు నమస్కారాలు.

నీ లెక్కే నిజమైంది. అందరి గుత్త అయిపోయింది, చాపలు ఖాళీగా ఉన్నాయి. భిన్నాలు చెప్తానన్న, ఇంగ్లీషు చెప్తానన్న. అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు. మాట్లాడుకున్న పని అయింది, ఇంకేం పని ఉంది అంటున్నారు. పని త్వరగా, బాగా చేసినందుకే నాకు పని లేకుండా పోయింది.

మనసుకు కష్టంగా ఉంది, దాచి లాభం లేదు. పాత బడికి ఫోన్ చేసిన. దసరా సెలవుల తర్వాత చేరమన్నారు, వచ్చే ఎండాకాలం అడ్మిషన్లకు నా పేరు ఇప్పుడే రాసుకున్నారు. నీ మీద నాకు కోపం లేదు. షరతు నేను ఒప్పుకున్నదే. అంగడి నాడు శైలేందర్ వస్తే తాళం చెవి పక్క దుకాణంలో ఇచ్చి ఉంచుతా.

వినీత

తా.క.: ఫ్యాన్ కోసం వచ్చే పిల్లవాడు ఒక్కడే ఇంకా వస్తున్నాడు. వాన్ని లెక్కలోకి తీసుకోమని అడగను, ఇక చలికాలం వస్తోంది.

* * *

కామారెడ్డి,
అక్టోబర్ 3

నా బిడ్డ వినీతకు పెద్దబాపు ప్రేమతో రాసేది.

మొన్న అంగడి నాడు నీకు చెప్పకుండ ఎల్లారెడ్డికి వచ్చిన. శైలేందర్ చేతుల షటర్ పెట్టి అడ్వాన్సు తీసుకొని పోదామని వచ్చిన. ఎట్లనూ వచ్చిన గద అని అంగట్ల ఉల్లిగడ్డ కొన్న. కిలో పందొమ్మిది రూపాయలు, ఏడు కిలోలు. ఎంకయ్య నూట నలభై మూడు అన్నడు. నేను సరే అని జేబుల చెయ్యి పెట్టిన. నలభై ఏండ్లు మిల్లుల లెక్కలు రాసినోన్ని, సరే అన్న.

పక్కన టమాటలు ఏరుకుంటున్న పదేండ్ల పిల్ల, తల గూడ ఎత్తకుండ, "తాతా, నూట ముప్పై మూడు" అన్నది. నీకేం తెలుసు పో అన్న. అప్పుడు తలెత్తి పందొమ్మిదో ఎక్కం మొదటి నుంచి ఏడు దాకా చదివింది. చుట్టున్న అందరు నన్నే చూస్తున్నరు. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్న. పిల్ల చెప్పిందే నిజం. ఎవరి కాడ నేర్చుకున్నవంటే, వినీత టీచర్ కాడ, మా గుత్త అయిపోయింది అన్నది. ముందు సిగ్గనిపించింది. తర్వాత కండ్లల్ల నీళ్ళొచ్చినయి. అంగట్ల చదువు పెట్టినవని నిన్ను తిట్టిన గద, ఆ మాట వాపస్ తీసుకుంటున్న.

నేనెవరో ఎంకయ్యకు తెల్వదు. పిల్ల పోయినంక నా కాడ ఏడ్సుకున్నడు. అమ్మేటోళ్ళందరు కలిసి ఒక మాట అనుకున్నరట. "ట్యూషన్ బంద్ పెట్టడానికి ఆ టీచరమ్మకు గుత్త ఎంతియ్యాలె? పెద్దమనిషివి, నువ్వు మాట్లాడి పెట్టు" అన్నడు.

నేను ఉల్లిగడ్డ బస్తా మీద గంటసేపు కూర్చొని మాట్లాడిన. ఆమె మూసేస్తే వచ్చిన ఎక్కాలు పిల్లలకు పోతయా అని అడిగిన. కొనేటోళ్ళ పిల్లలకు ఇరవై దాకా వస్తే, అమ్మేటోళ్ళ పిల్లలకు ముప్పై దాకా రావద్దా అన్న. అక్కడికక్కడే అందరు తమ పిల్లల పేర్లు చెప్పిన్రు. అమ్మేటోళ్ళ పిల్లలు పద్నాలుగు మంది, ముప్పయ్యో ఎక్కం దాకా, ఒక్కొక్కరికి పన్నెండు వందల గుత్త. గుత్తను తిట్టిన నోటితోనే మాట్లాడిన.

ఈ ముచ్చట సిద్ధిరాములు చెవిన పడ్డది. కాంటా కాడోళ్ళకు ముప్పై దాకా వస్తే తమ పిల్లలు ఇరవై కాడ ఎట్ల ఆగుతరని, అందరిని పిలుచుకొచ్చి ఇరవై మూడు మందికి గూడ పైన పది ఎక్కాలకు కొత్త గుత్త మాట్లాడమన్నడు. మొత్తం ముప్పై ఏడు మంది. సగం పైసలు అడ్వాన్సు తీసుకొని పక్క దుకాణంల ఇచ్చిన, తాళం చెవితోని కలిపి తీసుకో. శైలేందర్‌ను వేరే జాగ చూసుకొమ్మన్న. ఇల్లు దగ్గరే ఉన్నా నిన్ను చూడకుండ బస్సెక్కిన, నీ ముందు నిలబడే ధైర్యం లేకపోయింది.

బడికి రానని రేపే రాయి. షటర్ నీదే, దసరాతోని సంబంధం లేదు.

నీ పెద్దబాపు,
రాజయ్య

తా.క.: పెద్దోళ్ళకు గూడ చెప్తవా? నాకు పందొమ్మిది ఒక్కటే గడబిడ అయితది. ఒక్క ఎక్కానికి గుత్త ఎంతనో రాయి. పైసలు ముందే ఇస్త, అంగట్ల పరీక్ష మాత్రం వద్దు.